కంబళి మీద ఒప్పుకున్న తప్పు

కచ్చేరీలో కొత్తగా కలం పట్టిన పిల్లలు అప్పుడప్పుడు మా అరుగు మీదికి వచ్చి కూర్చుంటారు. కుంపిణీ దొరలు ఎలా ఉండేవాళ్ళు, పాళెగాళ్ళను కళ్ళారా చూశారా, ఏనుగెక్కారా అని అడుగుతారు. ఏనుగెక్కలేదు నాయనలారా. ముప్పై ఏళ్ళు చాప మీద బాసింపట్టు వేసుకుని, వాళ్ళూ వీళ్ళూ చెప్పింది రాశాను. దక్కింది మోకాళ్ళ నొప్పి. ఏనుగు కథలే కావాలంటే పక్కవీధిలో ముసలి జమేదారు ఉన్నాడు. ఆయన కథల్లో ఏనుగు ఏటికేడు పెరుగుతోంది కూడా.

నేను రాసిన కాగితాల్లో చాలావరకు చెదలు తిన్నాయి. అది చెదలు నాకు చేసిన ఉపకారమే అనుకుంటాను. తినకుండా మిగిలింది ఒకటుంది. నాకు గౌరవం తెచ్చే సంగతి కాదు గనుక దాని గురించి ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడెందుకు చెబుతున్నానో చివరికి మీకే తెలుస్తుంది.

మా ఇల్లు మధురకు పడమర, వాడిపట్టి వైపు. మా పెద్దలు ఎప్పుడో నాయకరాజుల కాలంలో వచ్చి ఆ నల్లరేగడి దున్నుకుని బతికినవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. కచ్చేరీలో చేరినాక మరాఠీ వచ్చిపడింది, ఎందుకంటే ఆ రోజుల్లో తాలూకా రికార్డంతా మరాఠీలోనే రాసేవాళ్ళు. నాగలి పట్టాల్సిన ఇంట్లో అక్షరాలు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలుగు రైతులు ఫిర్యాదుకో సాక్ష్యానికో వస్తే తహశీల్దారు నన్ను పిలిచేవాడు. "మీవాళ్ళు వచ్చారు, ఏం మొరపెట్టుకుంటున్నారో చూడు" అనేవాడు. ఆ మాట వినగానే నా ఛాతీ కాస్త ముందుకొచ్చేది. ఆ వయసు అలాంటిది.

నా పక్క చాప మీద కూర్చునే పెద్ద గుమాస్తా తంజావూరు వైపు మరాఠీ ఇంటివాడు. ఎప్పుడూ నశ్యం పీలుస్తూ ఉండేవాడు. ఒక చెవి వినిపించదనేవాడు. అది ఏ చెవో మాట్లాడేది ఎవరన్నదాన్ని బట్టి మారుతుండేది. నేను చేరిన రోజునే ఆయన నాకొక ఉపదేశం చేశాడు: "విన్నది రాయి. తెలిసింది రాయకు." సోమరిపోతుల సూత్రం అనుకున్నాను. కానీ ఆ కచ్చేరీలో అందరూ దాని మీదే బతుకుతున్నారని ఆర్నెల్లలో అర్థమైంది. నేనూ అలవాటు పడ్డాను.

ఇక అసలు సంగతి. మా తాలూకాలో కొండల కింద ఒక పెద్ద చెరువు ఉండేది. ఆ వైపు కమ్మాయి అంటారు. దాని కట్ట కిందనే మావాళ్ళ ఊరు ఒకటి. మట్టిగోడలు, జొన్నచొప్ప కప్పులు, చుట్టూ పత్తి, జొన్న. ఊరి పేరు చెప్పను. ఇప్పుడు అక్కడ ఊరు లేదు గనుక చెప్పినా మీకు దొరకదు.

ఏటా వానలకు ముందు ఊరంతా కలిసి ఆ కట్టకు మన్ను వేసేవాళ్ళు. తూము పూడిక తీసి, కట్ట మీద మొలిచిన చెట్లు పీకేవాళ్ళు. సర్కారు చెప్పి చేయించే పని కాదది, తాతల నాటి కట్టుబాటు. ఆ ఏడు మాత్రం సరిగ్గా ఆ నెలలోనే తాలూకా నుంచి బంట్రోతులు వెళ్ళి మగవాళ్ళందరినీ బాట పనికి తోలుకొచ్చారు. మధుర నుంచి పడమటికి పటాలం నడిచే బాట. మా మీది చిన్న దొర, అంటే కలెక్టరు దొర కింద మా తాలూకాలు చూసే యువకుడు, వానలు పడకముందే అది పూర్తి కావాలన్నాడు. ఊరివాళ్ళు నాలుగు రోజులు వదిలితే కట్టకు మన్ను వేసి వస్తామని బతిమాలారు. తహశీల్దారు వదల్లేదు. ఆ మొర పెట్టుకున్న రోజు నేను కచ్చేరీలోనే ఉన్నాను, పక్కనే ఉండి వాళ్ళ మాట అరవంలో చెప్పింది నేనే. ఇది గుర్తుంచుకోండి.

వాళ్ళను వదిలేసరికి అయిప్పసి నెల, అంటే దీపావళి రోజులు వచ్చాయి, వానా వచ్చింది. తొమ్మిది రోజులు తెరిపి లేకుండా కురిసింది. తడిసిన కట్ట మీద తడిమన్ను వేస్తే నిలుస్తుందా? జారిపోతుంది. పదోనాడు పొద్దున కట్ట ఒకచోట ఊట పట్టిందని కేక వేస్తే కాళ్ళూ చేతులూ ఆడే మగవాళ్ళంతా గంపలు, చొప్పకట్టలు, ముళ్ళకంపలు తీసుకుని పైకి పరుగెత్తారు. ఆడవాళ్ళు వాళ్ళకోసం అంబలి కాస్తున్నారు. చలికి పిల్లలు పొయ్యిల దగ్గర చేరారు. మగవాళ్ళు ఊటను పూడ్చేశారు కూడా. అప్పుడు తూము దగ్గర, ఎవరూ లేనిచోట, కట్ట తెగింది.

వాళ్ళు కట్ట మీద నిలబడి చూశారు. అంతకంటే రాయడం నాకు చేతకాదు. నేను వెళ్ళేసరికి ఊరున్నచోట బురద ఉంది. ఒక తిరగలి రెండు పొలాల అవతల పడి ఉంది. తుమ్మచెట్లకు చీరలు చుట్టుకుని ఉన్నాయి. మగవాళ్ళు దాదాపు అందరూ బతికారు. ఇళ్ళలో ఉన్నవాళ్ళలో బతికినవాళ్ళు చాలా కొద్దిమంది.

చచ్చినవాళ్ళను పూడ్చడం పూర్తి కాకముందే పెద్దమనుషుల మాటలు మొదలయ్యాయి. కొండకింద జమీందారు ఒకాయన ఉండేవాడు, పూర్వం పాళెగాడి వంశం. ఈ ఊరు ఒకప్పుడు వాళ్ళ చేతికింద ఉండి తర్వాత కుంపిణీకి పోయింది. ఆ కోపం ఆయనకు తీరలేదు. సంతలో తప్పెట కొట్టించి మరీ చెప్పించాడు, మా తాతల కాలంలో ఈ కట్ట ఎన్నడైనా తెగిందా, కుంపిణీ నీడలో చేరి గంగమ్మకు పొట్టేలు మానేశారు, గంగమ్మ శిక్ష వేసింది అని. నిజానికి పొట్టేలును కోసి ఎన్నాళ్ళో కాలేదు. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

తహశీల్దారు గంగమ్మ జోలికి పోలేదు. ఆయన తెలివైనవాడు. కట్ట ఎందుకు తెగిందని పైనుంచి అడుగుతారు. కట్ట మీద మన్నెందుకు పడలేదని అడుగుతారు. ఆ రెండో ప్రశ్న రాకుండా ఉండాలంటే మొదటిదానికి గట్టి జవాబు కావాలి. నాలుగోనాడు గుర్రం మీద వచ్చి, బురదలోకి దిగకుండా గట్టు మీదే నిలబడి అన్నాడు: "చచ్చింది ఆడవాళ్ళూ పిల్లలూ. బతికింది మగవాళ్ళు. ఎందుకో ఆలోచించండి. కట్ట తెంచేవాడు కట్ట కింద నిలబడడు కదా."

చెరువు నిండితే మునిగే పత్తిచేలు వాళ్ళవి కొన్ని పైన ఉన్నాయి. ఆ చేలు కాపాడుకోవడానికి గండి కొట్టారని ఆయన కట్టిన కథ. కింద తన బిడ్డ ఉండగా పత్తి కోసం కట్ట తెంచే తండ్రి ఎక్కడైనా ఉంటాడా అని ఒక్కరూ అడగలేదు. అడగవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది. బాట వేయమన్న చిన్న దొరకు ఆ కథ పనికొచ్చింది. బంట్రోతులకు పనికొచ్చింది. పక్క ఊళ్ళవాళ్ళకు కూడా, తమకు అలాంటిది జరగదని నమ్మడానికి పనికొచ్చింది.

అయితే కథకు సాక్ష్యం లేదు. ఊరివాళ్ళ వాంగ్మూలం రాసుకురమ్మని నన్ను పంపారు. మిగిలినవాళ్ళు చెరువుకు ఎగువన ఒక దిబ్బ మీద ఉన్నారు. ఊరిపెద్ద డెబ్బై దగ్గర పడ్డ మనిషి, నల్లగా ఎండిన కట్టెలా ఉన్నాడు. భార్య, ఒక కోడలు, ముగ్గురు మనవలు పోయారు. నేను అరవంలో మాట మొదలుపెడితే "సామీ, సామీ" అంటూ దూరంగా నిలబడ్డాడు. మా ఊరూ మా ఇంటి పేరూ తెలుగులో చెప్పాక దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అప్పటినుంచి నన్ను నాయనా అన్నాడు.

ఆయన నాతో మొదట చెప్పింది బాట సంగతి. "నాలుగు దినాలు విడవండి, కట్టకు మన్ను ఏసొస్తామని ఆయప్ప కాళ్ళు పట్టుకుంటిమి. నువ్వు కూడా ఆడ్నే ఉంటివి కదా నాయనా. ఆయప్ప ఇననే లే."

ఉన్నాను. తల ఊపాను. కాగితం ఇంకా విప్పలేదు. ఇంకా మొదలుపెట్టలేదు కదా, ఇది వాంగ్మూలంలోకి రాదు అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ మధ్యాహ్నమే వాళ్ళు కంబళి పరిచారు. ఇది మీలో పట్నంలో పుట్టినవాళ్ళకు తెలియదు. మావాళ్ళలో పంచాయితీ అయినా ప్రమాణం అయినా నల్లకంబళి పరిచి, దాని మీద నీళ్ళ చెంబు పెట్టి, వేపరెమ్మ ఉంచి జరపాలి. దాని మీద అన్న మాట రాతికంటే గట్టిది. అకాలంగా చావులు పడినప్పుడు పదోనాటికి ముందు ఇంకొకటి జరుగుతుంది. చచ్చినవాళ్ళ తప్పును ఎవరైనా ఒకరు ఎత్తుకోవాలి. ఎవరూ ఎత్తుకోకపోతే, నన్ను చంపింది ఎవరా అని ఆ ప్రాణాలు ఇల్లిల్లూ తిరుగుతాయని, ముఖ్యంగా పిల్లలు దారి తెలియక చలిలో తిరుగుతారని మావాళ్ళ నమ్మకం. అందుకని ఇంటింటివాళ్ళూ వచ్చి నా తప్పంటే నా తప్పని పోటీ పడతారు. చివరికి ఊరిపెద్ద అందరినీ ఆపి తాను ఎత్తుకుంటాడు. ఎత్తుకున్నది మళ్ళీ దించకూడదు. దించితే పోయినవాళ్ళు వెనక్కి వస్తారు. మా నాయనమ్మ చెప్పేది, మా ఊళ్ళో మశూచి వచ్చిపోయినప్పుడు మా ముత్తాత అలా ఎత్తుకున్నాడట. మశూచిని ఆయన తెచ్చాడని ఎవరూ అనుకోలేదు. అది అనుకోవడానికి చేసేది కాదు.

ఆ ముసలాయన కంబళి మీద మోకాళ్ళూని చెంబులో చెయ్యి పెట్టి అన్నాడు: "కట్ట నా చేతనే తెగింది. నీళ్ళను నేనే విడిస్తిని. ఈ ప్రాణాలన్నీ నా తల మింద ఏసుకుంటిని. బిడ్డలారా, ఇంక తిరగొద్దండి, పోయి పడుకోండి."

నేను ఏడ్చాను. కన్నీళ్ళు తుడుచుకుంటూనే కాగితం విప్పి, ఆ మాటలన్నీ ఉన్నదున్నట్టు, ఒక్క ముక్క పోనివ్వకుండా రాశాను. ఎందుకు రాశానో ఇన్నేళ్ళలో చాలాసార్లు అడుక్కున్నాను. పైకి అనుకున్నది ఏమిటంటే, ఈ మాట చదివితే చిన్న దొర మనసు కరుగుతుంది, మావాళ్ళు ఎంత పెద్దమనసువాళ్ళో తెలుస్తుంది అని. ఆ ముసలాయన గొప్పలో నాకూ కాస్త వాటా ఉందనిపించింది. లోపలిది వేరు. బాట సంగతి రాస్తే తహశీల్దారుతో పేచీ. ఇది రాస్తే ఎవరితోనూ పేచీ లేదు. ప్రమాదం లేని అందమైన మాటను రాసి, ప్రమాదమున్న నిజాన్ని వదిలేశాను. అది కంబళి ఆచారమని ఒక్క వాక్యం కలపాలన్నది కూడా తోచలేదు. మాకు తెలిసిందే గనుక అందరికీ తెలుసన్నట్టు రాసేశాను. కింద ముసలాయన చేత వేలిముద్ర వేయించాను.

కచ్చేరీకి వచ్చాక పెద్ద గుమాస్తా ఆ కాగితం తీసుకుని చదివాడు. రెండోసారీ చదివాడు. నశ్యం డబ్బీ మూత పెట్టి, ఇది తహశీల్దారు చేతికి వెళ్ళకముందే చింపి ఇంకొకటి రాయమన్నాడు. నీవాళ్ళ మెడకు నువ్వే ఉరి పేనుకొచ్చావన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా ఆచారం నీకేం తెలుసన్నాను. విన్నది రాయమని చెప్పింది మీరే కదా అని కూడా అన్నాను.

"అది నీ ఉద్యోగం నిలవడానికి చెప్పాను. ఊళ్ళు నిలవడానికి కాదు" అన్నాడు.

ఆయన మీద కోపంతోనే నేరుగా వెళ్ళి తహశీల్దారుకు కాగితం ఇచ్చాను. ఆయన చదివి నన్ను కూర్చోమన్నాడు. తమలపాకులు కూడా ఇచ్చాడు. అంతకుముందెప్పుడూ నన్ను ఆయన ముందు కూర్చోనివ్వలేదు. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది. ఆకు వేసుకుని ఇంటికి పోయాను. తర్వాత రెండు రోజుల్లో ఊరంతా ఒకే మాట వినబడింది, ముసలాడు ఒప్పేసుకున్నాడట, సొంత మనవలనే ముంచాడట అని. జమీందారు తప్పెటవాళ్ళు కూడా గంగమ్మను వదిలేసి ఈ కథే చాటడం మొదలుపెట్టారు. అప్పుడు నాకు అన్నం సహించడం మానేసింది.

చిన్న దొర విచారణకు ఒక మామిడితోపులో డేరా వేశాడు. పొద్దున వాన లేదు, ఎండ కాసింది. కుర్చీలో దొర, పక్క కుర్చీలో జమీందారు, నిలబడి తహశీల్దారు. ఊరి మగవాళ్ళంతా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. దొరకు అరవం కొద్దిగా వచ్చు, తెలుగు రాదు. అందుకని నేను ఆయనకూ ముసలాయనకూ మధ్య నిలబడ్డాను. తహశీల్దారు నా కాగితం పైకి చదివి అరవంలో వివరించాడు. చదివేకొద్దీ అది నేను రాసిన కాగితమేనా అనిపించింది. ఒక్క మాటా మార్చలేదు. మార్చనవసరం లేకపోయింది.

ఈ మాటలు నీవేనా అని అడగమన్నాడు దొర. అడిగాను. అడుగుతూనే మా ఇంటి తెలుగులో, పెదవి కదిలీ కదలకుండా, కాదని ఒక్క మాట అను మామా, అది ఆచారమని చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను అన్నాను. చూసుకునేవాణ్ణో లేదో నాకిప్పటికీ తెలియదు.

ముసలాయన నా వంక చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉండి ఉంటే బాగుండేది.

"వొద్దు నాయనా. కంబళి మింద ఎత్తుకునింది మళ్ళా దించితే ఆ బిడ్డలు యాడకు పోతారు? రొంబ చిన్న బిడ్డలు. ఇప్పుడే పడుకోనుంటారు. మనమే లేపితే పావం కదా. నా మాట నేను దించను. నువ్వు చూసింది నువ్వు చెప్పు, నీకేమి అడ్డం."

దొర మమ్మల్ని గమనించాడు. ఇంతసేపు ఏం మాట్లాడుకుంటున్నారని అడిగాడు. ఆ మనిషి మరీ దుర్మార్గుడేమీ కాదని నాకు తోస్తుంది. కుర్చీలో ముందుకు వంగి నా మొహమే చూస్తున్నాడు. నిజం వినడానికి ఒక గడియ సిద్ధపడ్డ మనిషిలా ఉన్నాడు. కంబళి ఆచారం చెబితే సరిపోదు. అయితే కట్ట ఎలా తెగిందని అడుగుతాడు. అప్పుడు బాట సంగతి చెప్పాలి. ఆ బాట వేయించింది ఆయనే, మనుషులను పంపింది నా పక్కన నిలబడ్డ తహశీల్దారు, నాలుగు రోజుల మొరను అరవంలో చెప్పింది నేను. తహశీల్దారు నా వైపు తిరగనుకూడా తిరగలేదు. గొంతు సవరించుకున్నాడంతే.

"ఒప్పుకుంటున్నాడు దొరా" అన్నాను.

రెండు మాటలు. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో చేసిన పని ఏమిటంటే అదే.

దొర వెనక్కి వాలి కూర్చున్నాడు. జమీందారు తల పంకించాడు. సొంత బిడ్డలను ముంచుకున్నవాళ్ళ మీద సర్కారు జాలి చూపితే రేపు జిల్లాలో ప్రతి కట్టా తెగుతుందని దొర అన్నాడు. ఆ మాట బాగుందని తహశీల్దారు దాన్ని తర్వాత చాలా చోట్ల చెప్పాడు. కట్ట మళ్ళీ వేయనక్కర లేదని, ఊరు మళ్ళీ కట్టుకోకూడదని, పొలాలు వేరేవాళ్ళకు ఇవ్వాలని హుకుం అయింది. ముసలాయనకూ ఇంకొందరికీ కాళ్ళకు సంకెళ్ళు వేసి పంపారు. ఎక్కడికి అనుకున్నారు? ఆ బాట పనికే. తీసుకుపోతుండగా నేను ఎదురుగా నిలబడలేక డేరా వెనక్కి పోయాను. బాట పూర్తి కాకముందే, ఎండాకాలంలో, ఆయన గంప నెత్తిన ఉండగానే పడిపోయి చచ్చిపోయాడని విన్నాను. మిగిలిన కుటుంబాలు పళని కొండల పక్కగా పడమటికి నడిచి కోయంబత్తూరు సీమలోకి పోయాయి.

కచ్చేరీ కచ్చేరీలాగే నడిచింది. పెద్ద గుమాస్తా నాతో ఎప్పటిలాగే మాట్లాడేవాడు, వాన గురించి, నశ్యం గురించి. ఆ కాగితం గురించి మళ్ళీ ఎత్తలేదు. అదే కష్టంగా ఉండేది. తిడితే తిట్టించుకునేవాణ్ణి. ఆయన పోయాక ఆ చాప నాకే ఇచ్చారు. తర్వాత ఎక్కడ కట్ట తెగినా తహశీల్దార్లు మొదట అడిగే ప్రశ్న ఒకటి పుట్టింది, మగవాళ్ళు బతికారా అని. వాంగ్మూలం ఎలా రాయాలో కొత్తవాళ్ళకు చూపడానికి నా కాగితాన్నే నకలు తీసి పంచారు. చెదలు తినకపోవడానికి కారణం అది. పదిచోట్ల ఉన్నదాన్ని చెదలు మాత్రం ఎంతని తింటాయి? మీలో కొందరు దాన్ని చూసే ఉంటారు. దస్తూరి బాగుందని నాతోనే అన్నారు ఒకరిద్దరు.

ఉద్యోగం మానుకున్న మరుసటి ఏడు పొల్లాచ్చి దగ్గర ఒక ఊళ్ళో బంధువుల పెళ్ళికి వెళ్ళాను. కొబ్బరితోటలు, కాలువనీళ్ళు, కళ్ళకు చల్లగా ఉండే ఊరు. పొద్దున్నే అటూ ఇటూ నడుస్తూ తూము దగ్గరికి వచ్చాను. నీటి వంతుల కోసం మనుషులు గుమిగూడి ఉన్నారు. వాళ్ళకు దూరంగా, ఒక్కతే, పార భుజాన వేసుకుని ఒక ఆమె నిలబడి ఉంది. పాతికేళ్ళు దాటి ఉంటాయి. ఆమె ఎందుకలా దూరంగా ఉందని మా బంధువును అడిగాను. వాళ్ళు కట్ట తెంచిన వంశమని చెప్పాడు. వాళ్ళను తూము మీద చెయ్యి వేయనివ్వరని, అందరి వంతులూ అయ్యాక మిగిలితేనే వాళ్ళకు నీళ్ళని చెప్పాడు. ఇదేదో అన్యాయమని కూడా ఆయనకు అనిపించలేదు. ఎండకు కుక్క అరిచిందన్నంత మామూలుగా చెప్పాడు.

నేను ఆమె దగ్గరికి వెళ్ళాను. మా ఊరి యాసలో పలకరిస్తే నవ్వింది. ఆ ముసలాయన మనవరాలు ఆమె. వరదప్పుడు వాళ్ళ అమ్మ పుట్టింట్లో ఉండి బతికిందట, ఈమె తర్వాత పుట్టింది. మీవాళ్ళు నిజంగానే కట్ట తెంచారా అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. నిజమేనేమో అంటుందని భయపడ్డాను.

"కింద బిడ్డలుండంగా ఎవురన్నా తెంచుతారా తాతా?" అంది.

మరి ఊళ్ళోవాళ్ళకు ఎందుకు చెప్పరని అడిగాను. పార భుజం మార్చుకుంది.

"మా తాత కంబళి మింద ఎత్తుకునె. మేము దించగూడదు. మా పెద్దక్క కూడా ఆ బిడ్డల్లోనే ఉండాది. నేను చూడనే లే. నీళ్ళు కడాన వస్తే ఏమి, కొంచం తక్కువ పండతాది, అంతే కదా."

తూము వైపు చూసి ఇంకా ఎన్ని వంతులున్నాయో లెక్కపెట్టుకుంది. తర్వాత ఆమె నా వైపు తిరిగింది.

"అయినా మా అమ్మ ఒక మాట చెప్తా ఉండె తాతా. ఆ దినం దొర కాడ మనోడే ఒకడు నిలబడి ఉన్న్యాడంట. కంబళి సంగతి అంతా తెలిసినోడు. వాడు చెప్పుంటే దించినట్లు కాదంట, వాడు ఎత్తుకోలేదు కదా. వాడొకడు నోరు తెరిచుంటే చాలంట. నువ్వు కచ్చేరిలో పని చేసినావని పెండ్లింట్లో చెప్పిరి. వాడెవురో నీకు తెల్సునా?"

"తెలియదు తల్లీ" అన్నాను.

ఆమె నమ్మింది. పెళ్ళింట్లో అన్నం తిన్నావా తాతా అని అడిగింది. తిన్నానన్నాను. అందరి వంతులూ అయ్యేసరికి ఎండ ఎక్కింది. ఆమె పార తీసుకుని కాలువలో అడుగున మిగిలిన నీటి వెంట పొలానికి పోయింది.

అందుకని ఇది రాశాను, ఈసారి మరాఠీలో కాకుండా మన భాషలో. ఆమె తాత చేసిందేమీ లేదు. మన్ను వేయడానికి నాలుగు రోజులు అడిగాడు, ఇవ్వలేదు. అది విన్నవాణ్ణి నేను, ఆ కాగితం రాసినవాణ్ణి నేను, దొర అడిగినప్పుడు అబద్ధమాడినవాణ్ణి నేను, తూము దగ్గర ఆమె అడిగినప్పుడు కూడా నేనే. మోకాళ్ళతో నేనిక పొల్లాచ్చి దాకా పోలేను. పోగలిగినా ఆమె ఎదుట నోరు పెగులుతుందన్న నమ్మకం లేదు. మీలో ఎవరైనా ఆ వైపు ఉద్యోగానికి వెళితే, కట్ట తెంచిన వంశమని ఎవరిని తూము దగ్గరికి రానివ్వరో ఆ ఊరు అడిగి కనుక్కోండి. నీటి వంతులప్పుడు పదిమందీ ఉండగా దీన్ని పైకి చదవండి. ఆమెకు చదవడం రాదు.